మేడమీద జర్మనీ

జర్మనీ దేశ ప్రజల నిత్యజీవితాన్నీ సంస్కృతినీ ఆమూలాగ్రం అధ్యయనం చేసి, అందులో మన ఊరికి పనికొచ్చేదంతా వెంట తీసుకొస్తాననీ, పనికిరానిదేమైనా కనబడితే ఆ సంగతి వాళ్ళకే మర్యాదగా చెప్పి వస్తాననీ మా మరిది పత్రికలవాళ్ళ ముందు ప్రకటించినప్పుడు హాల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కుర్చీలు చాలక కొందరు మొదటినుంచీ నిలబడే ఉన్నారు. వాళ్ళని కూడా లేచినవాళ్ళ లెక్కలోనే వేసుకున్నాం.

మా మరిది మా వార్డు కౌన్సిలరు. ఇంటివాడి గురించి ఇంట్లోవాళ్ళే గొప్పగా చెప్పుకుంటే బాగుండదు గానీ, చెప్పక తప్పదు. మా వార్డులో నీళ్ళు రాకపోతే, రాలేదన్న సంగతి మైకులో అందరికన్నా ముందు చెప్పేది అతనే. అలాంటి మనిషికి మేయరు కుర్చీ మీద కన్నుపడటంలో తప్పేముంది?

ఆ కుర్చీ ఎవరికివ్వాలో తేల్చేది పార్టీ పెద్దాయన. ఆయన ఈమధ్యే ఎక్కడో విదేశం వెళ్ళొచ్చి, రోడ్డు దాటడం అక్కడే నేర్చుకున్నానని చెబుతున్నారు. వచ్చీరాగానే, "విదేశం చూడనివాడికి మేయరు పదవి లేదు" అని కుండబద్దలు కొట్టేశారు. పోటీలో ఉన్న హార్డ్‌వేరు షాపాయన అప్పటికే ఒక దేశం వెళ్ళి తాళంకప్పలు కొనుక్కొచ్చి ఉన్నాడు. కాబట్టి మా మరిదికి జర్మనీ అత్యవసరమైపోయింది.

వీసా ఇచ్చేచోట, "మా దేశం ఎందుకు వెళ్తున్నారు?" అని అడిగారట. "తనిఖీ చేసి తగు సూచనలు ఇవ్వడానికి" అన్నాడట మా మరిది. వాళ్ళు చాలాసేపు నవ్వుకుని, ఇవ్వలేదు.

అప్పటికే ఊళ్ళో బ్యానర్లు లేచాయి. మా మరిదికి కుడిభుజం లాంటి కార్యకర్త ఒకడున్నాడు. ఎవరు పుట్టినా ఎవరు పోయినా తెల్లారేసరికి బ్యానరు కట్టేస్తాడు కాబట్టి అతన్ని అందరూ బ్యానరనే పిలుస్తారు.

"అన్నా, ఊరంతా కట్టేశాం. ఇప్పుడు నువ్వు వెళ్ళకపోతే బాగోదు" అన్నాడు.

"వీసా రాలేదురా."

"వీసా ఎవరు చూస్తారన్నా? బ్యానరు అందరూ చూస్తారు."

ఇంత లోతైన మాటకి ఎదురుచెప్పగల రాజకీయవేత్త ఇంకా పుట్టలేదు. అనుకున్న రోజున ఊరు ఊరంతా విమానాశ్రయానికి వెళ్ళి మా మరిదిని సాగనంపింది. అతను చెయ్యూపుతూ ఒక తలుపులోంచి లోపలికి వెళ్ళి, ఇంకో తలుపులోంచి బయటికొచ్చి, టాక్సీ వెనకసీట్లో దుప్పటి ముసుగేసుకుని పడుకుని మా ఇంటికి వచ్చాడు. మా మేడమీద గది ఖాళీ. పెరటివైపునుంచి మెట్లున్నాయి.

"వదినా, జర్మనీ చేరుకున్నాను" అన్నాడు మెట్ల మీద నిలబడి, సూట్‌కేసుతో.

"ప్రయాణం బాగా జరిగిందా?"

"చివర్లో కొంచెం కుదుపులు."

మా వీధి మొదట్లో గోతులున్నాయి. అవీ అతని వార్డులోవే.

వెనకాలే మా తోటికోడలు స్వెట్టర్ల మూట పట్టుకుని వచ్చింది. "అక్కా, ఈయన్ని నీకు అప్పగిస్తున్నాను. నేనేమో మొగుణ్ణి విమానం ఎక్కించొచ్చినదానిలా మొహం వేలాడేసుకుని ఉండాలట. పొద్దుటినుంచి ప్రయత్నిస్తున్నా, ఎంతకీ వేలాడట్లేదు" అంది.

మా ఆయన పేపరు దించి తమ్ముణ్ణి ఒకసారి చూసి, "కరెంటు బిల్లు ఎవరు కడతారు?" అని మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. ఈ వ్యవహారమంతటిలో ఆయన అడిగిన ఏకైక ప్రశ్న అది. జవాబు ఇంకా రాలేదు.

మా మరిది దొంగచాటుగా దాక్కున్నాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అతను చేసింది అక్షరాలా స్టడీ టూరే. "అధ్యయనం అన్నాక ఎక్కడ కూర్చుని చేస్తే ఏం వదినా? అక్కడికెళ్తే ఒక ఊళ్ళోనే ఉంటాం. ఇక్కడైతే ఒకేసారి నాలుగు ఊళ్ళు తెరిచి పెట్టుకోవచ్చు" అని కంప్యూటరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇంటర్‌నెట్టులో లేని జర్మనీ లేదట. ఒకావిడ తన వంటింటి అరలన్నీ తెరిచి చూపిస్తుంది. ఒక పెద్దాయన ఏ చెత్త ఏ రంగు డబ్బాలో వెయ్యాలో పాఠం చెబుతాడు. చదువుకోడానికి వెళ్ళిన పిల్లలు ఇంటివాళ్ళ చేత ఎందుకెందుకు తిట్లు తిన్నారో వరసగా వివరిస్తారు. ఒక కూడలిలో ఎవరో కెమెరా పెట్టి వదిలేశారు, రాత్రింబవళ్ళూ జనం వస్తూ పోతూ ఉంటారు. మా మరిది వాళ్ళలో కొందరిని గుర్తుపట్టే స్థాయికి చేరుకున్నాడు. "ఇవాళ ఎర్రసంచీ ఆవిడ రాలేదు. ఒంట్లో బాగున్నట్టు లేదు" అని ఒకరోజు భోజనం సరిగా చెయ్యలేదు.

అన్నిటికన్నా అతనికి నచ్చినవి నడక వీడియోలు. ఛాతీకి కెమెరా కట్టుకుని ఎవరో గంటలకొద్దీ వీధులెంట నడుస్తారు. మా మరిది స్వెట్టరు తొడుక్కుని, బూట్లు బిగించి, తెర ముందు తివాచీ మీద వాళ్ళతోపాటు నడిచేవాడు. ఒకరోజు నేను కాఫీ తీసుకెళ్తే చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు.

"ఆగు వదినా. సిగ్నల్లో ఎర్రబొమ్మ పడింది."

తెర మీద చూశాను. రోడ్డు అటూ ఇటూ ఖాళీ. కుక్క కూడా లేదు.

"ఎవరూ లేరుగా?"

"లేకపోయినా ఆగుతారు. అదే అక్కడి గొప్ప."

ఇద్దరం ఆగాం. ఆకుపచ్చబొమ్మ పడేసరికి కాఫీ చల్లారింది. ఆ చల్లారిన కాఫీని మా మరిది క్రమశిక్షణతో తాగాడు.

ఈ నడకల వల్ల ఒక చిక్కొచ్చింది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తల పెట్టి, "ఏమ్మా, మీ మేడమీద చప్పుళ్ళేంటి?" అన్నారు.

"ఎలకలు పిన్నిగారూ."

"బూట్లు వేసుకున్నట్టున్నాయే?"

"చలికాలం కదండీ."

పిన్నిగారు మంచి మనిషి. ఇంకేమీ అడగకుండా వెళ్ళి వీధిలో అందరికీ చెప్పారు. మా ఎలకల్ని చూడాలని ఇద్దరు ముగ్గురు వచ్చారు కూడా. వాళ్ళకి కాఫీలిచ్చి పంపేశాను.

నేర్చుకున్నది ఆచరణలో పెట్టకపోతే అది అధ్యయనమే కాదని మా మరిది నమ్మకం. ఆచరించడానికి అతని చేతిలో ఉన్న జనాభా మేమిద్దరం. ఆదివారం అక్కడ చప్పుడు చెయ్యకూడదట. ఖాళీ సీసా డబ్బాలో పడేసినా తప్పేనట, గలగలమంటుంది కాబట్టి. అందుచేత ఆదివారం మా ఇంట్లో మిక్సీ ఆగిపోయింది. మా చెత్తబుట్ట నాలుగు బుట్టలైంది. కాయితం ఒకదాంట్లో, తొక్కలు ఒకదాంట్లో, ప్లాస్టిక్కు ఒకదాంట్లో, దేంట్లో వెయ్యాలో తెలియనివి ఒకదాంట్లో. మునిసిపాలిటీ బండి వచ్చి నాలుగూ కలిపి ఒకే తొట్టిలో కుమ్మరించుకుని వెళ్ళేది. మేడ మీంచి తొంగిచూసి మా మరిది, "ఎవడయ్యా ఈ వార్డు కౌన్సిలరు?" అనేవాడు బాధగా.

అన్నిటికన్నా ప్రమాదమైన అలవాటు గాలి మార్పిడి. ఎంత చలిగా ఉన్నా సరే, రోజుకి కొన్నిసార్లు కిటికీలన్నీ బార్లా తెరిచి గదిలో గాలి పూర్తిగా మార్చుకుంటారట. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడే ఈ సంగతి గట్టిగా చెబుతారట. ఊరంతా విదేశంలో ఉన్నాడనుకునే మనిషి వీధివైపు కిటికీ తెరిచి నిలబడితే ఎలా?

"మూసెయ్యవయ్యా, ఎవరైనా చూస్తే మేయరు గిరీ గంగలో కలుస్తుంది" అన్నాను.

"కిటికీ మూసుకుని కూర్చుంటే అది జర్మనీ అవుతుందా వదినా?" అన్నాడు. చివరికి రాజీ కుదిరింది. తను కిటికీ తెరిచి, దుప్పటి కప్పుకుని మంచం కింద పడుకునేవాడు. గాలి మారేదాకా నేను కిటికీలో నిలబడేదాన్ని.

ఒక విషయంలో మాత్రం నేను ఆ దేశానికి మనసారా నమస్కరిస్తున్నాను. అక్కడ చాలా ఇళ్ళల్లో సాయంత్రం పొయ్యి వెలిగించరట. రొట్టె, దాని మీదకి ఏదో చల్లటిది, అంతే భోజనం. ఈ సంగతి మా మరిది నోటినుంచి వెలువడిన సాయంత్రమే నేను దాన్ని అమలు చేశాను. మా ఆయన పేపరు దించి రొట్టెని చూశారు. "జర్మనీ" అన్నాను. మళ్ళీ పేపరెత్తుకున్నారు.

పొద్దున్నే పత్రికలో 'జర్మనీ నుంచి మీవాడు' అనే వ్యాసం పడేది. మా మరిది చెప్పేవాడు, డిగ్రీ చదివినదాన్ని కాబట్టి నేను రాసేదాన్ని, బ్యానరు తీసుకెళ్ళి ఇచ్చేవాడు. ఆ వ్యాసాలు ఊరిని ఊపేశాయి. ఎందుకు ఊపవు? ఆ వీడియోలలో మాటలన్నీ జర్మన్‌లో ఉంటాయి. కింద తెలుగు అక్షరాలు వాటంతటవే పడతాయి. యంత్రం చేసే అనువాదం కదా, మనిషిలా దానికి మొహమాటం ఉండదు.

"రాసుకో వదినా. చలికాలంలో వీళ్ళు చేతులకి కూడా బూట్లు వేసుకుంటారు."

"చేతుల మీద నడుస్తారా?"

"తెలీదు. కానీ 'చేతిబూట్లు' అనే పడింది. అవసరమొస్తే నడుస్తారేమో. సిద్ధంగా ఉండటం వీళ్ళ లక్షణం."

రాసుకున్నాను.

ఆ మర్నాడు అసలైన రత్నం దొరికింది. ఆఫీసులో పని ముగించుకుని అందరూ బయల్దేరుతూ ఒకరితో ఒకరు ఏదో అంటున్నారు. ఫైరాబెంట్ అని వినబడింది. నిప్పంటుకుందేమో అనుకున్నాను. కింద తెలుగులో 'అందమైన పండగ సాయంత్రం' అని పడింది. మా మరిది వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. ఇంకో వీడియో పెట్టాడు. అందులోనూ అంతే. ఇంకో ఊరు, ఇంకో ఆఫీసు, అదే పండగ.

"వదినా," అన్నాడు వీడియో ఆపేసి, "వీళ్ళకి రోజూ సాయంత్రం పండగే."

"ఏం పండగ?"

"ఆఫీసు పండగ. పని అయిపోగానే మొదలవుతుంది. అందుకే వదినా ఈ దేశం ఇలా ఉంది."

ఆ వ్యాసం పడ్డ రోజున మునిసిపల్ ఆఫీసులో ఉద్యోగులు పత్రికని గోడకి అంటించుకున్నారట. అక్కడ ఆ గోడకి ఇప్పటిదాకా అంటించినవన్నీ హెచ్చరికలే.

అనుకున్న గడువు ముగిశాక మా మరిదిని మళ్ళీ దుప్పటి కప్పి విమానాశ్రయానికి తీసుకెళ్ళాం. ఒక తలుపులోంచి లోపలికి వెళ్ళి, మొదటిసారి వెళ్ళిన తలుపులోంచి బయటికొచ్చాడు. ఊరు కేకలేసింది. అతను ఆవులించాడు. ఆ ఆవులింతలో వీసమెత్తు నటన లేదు. ఉన్నన్నాళ్ళూ అక్కడి గడియారం ప్రకారమే పడుకుని లేచాడు పాపం.

టౌన్‌హాల్లో సన్మానసభ. పెద్దాయన అధ్యక్షత. హార్డ్‌వేరు షాపాయన మొదటి వరసలో కూర్చుని తాళంచెవుల గుత్తి తిప్పుకుంటున్నాడు. మా మరిది మాట్లాడటం మొదలుపెట్టాడు. కిటికీ ఎలా తెరవాలో చెప్పాడు. ఖాళీ రోడ్డు పక్కన ఎలా ఆగాలో వేదిక మీద ఆగి చూపించాడు. రైలు గురించి చెబుతూ, "అక్కడ రైలుని చూసి గడియారం సరిచేసుకుంటారు" అన్నాడు. జనం ఊపిరి బిగబట్టి విన్నారు. చివర్లో పండగ సాయంత్రం దగ్గరికి వచ్చేసరికి, వెనకవరసలో ఒకాయన లేచాడు. ఆయన ఇంజినీరు. నిజంగానే జర్మనీలో చాలా ఏళ్ళు పనిచేసి, ఈ ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాడు. మా తోటికోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సార్ చెప్పినవి చాలావరకు నిజమేనండీ," అన్నాడాయన నెమ్మదిగా. "ఒక్క మాట. ఫైరాబెంట్ అంటే పండగ కాదండీ. ఆ రోజుకి పని అయిపోయింది అని. అంతే."

మా మరిది కంగారుపడలేదు. గాలి మార్చుకున్నవాడిలా నిదానంగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంజినీరుగారూ, మీరు ఆఫీసులో పనిచేశారా?"

"చేశానండీ."

"వేళకి పని అయిపోయి ఇంటికెళ్ళడం పండగ కాదా?"

మునిసిపల్ ఉద్యోగులు కూర్చున్న వైపునుంచి మొదలైన చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇంజినీరు ఇంకా నిలబడే ఉన్నాడు. "మరి ఆ చేతిబూట్లు... అవి గ్లవ్సండీ" అన్నాడు.

"చలిదేశం. ఎవరి సౌకర్యం వాళ్ళది" అన్నాడు మా మరిది ఉదారంగా.

"అసలు మీరు వెళ్ళినట్టు ఫోటోలున్నాయా?" అని మా బ్యానరు ఇంజినీరుని అడిగాడు.

"ఉన్నాయి. కొన్ని. ఫ్యాక్టరీలో తియ్యనిచ్చేవాళ్ళు కాదు."

"ఎర్రసంచీ ఆవిడ తెలుసా?" అన్నాడు మా మరిది.

"ఎవరండీ?"

మా మరిది జనంవైపు తిరిగి చేతులు చాపాడు. ఇంజినీరు కూర్చున్నాడు. అప్పట్నుంచి ఆయన్ని మా ఊళ్ళో 'జర్మనీ వెళ్ళానని చెప్పుకునే ఇంజినీరు' అంటున్నారు. మా మరిదికి ఆయనంటే కోపమేమీ లేదు. "పాపం, అందరూ చూసి అర్థం చేసుకోలేరు వదినా" అన్నాడు.

పెద్దాయన మైకు అందుకున్నారు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. "నేను చాలామందిని విదేశాలకి పంపాను. తాళంకప్పలు తెచ్చారు. ఇంత జ్ఞానం తెచ్చినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. ఇతన్ని పార్టీ తరఫున మళ్ళీ జర్మనీ పంపుతున్నాను. ఈసారి అక్కణ్ణుంచి లైవ్‌లో ప్రజలకి చూపించాలి. తిరిగొచ్చేసరికి మేయరు కుర్చీ తుడిచి ఉంచుతాం" అన్నారు.

మా మరిది మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, మనిషే లోపల ఎక్కడికో వెళ్ళిపోయాడు. వేదిక దిగి నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"వదినా, నిజంగా పంపిస్తాడట."

"మంచిదేగా?"

"అక్కడికెళ్ళి ఏం చెయ్యను? చూడాల్సిందంతా చూసేశాను."

ఈసారి వీసా ఇచ్చేచోట ఎందుకెళ్తున్నారంటే 'చూడ్డానికి' అని మాత్రమే చెప్పమన్నాను. చెప్పాడు. ఇచ్చారు. విమానం ఎక్కాడు. లోపలికి వెళ్ళినవాడు ఈసారి ఏ తలుపులోంచీ బయటికి రాలేదు. మా తోటికోడలు ఈసారి నిజంగానే ఏడ్చింది. "పైగదిలో ఉన్నప్పుడైతే రోజూ కనబడేవారక్కా" అంది.

పార్టీ ఆఫీసులో పెద్ద తెర పెట్టారు. ఊరంతా చేరింది. మొదటిరోజు లైవ్ రైలు స్టేషన్లో. మా మరిది స్వెట్టరు వేసుకుని, వెనకాల గడియారం కనబడేలా నిలబడ్డాడు.

"ప్రజలారా, ముల్లు చూడండి. అది అక్కడికి రావడం, రైలు ఇక్కడికి రావడం ఒకేసారి జరుగుతాయి."

ముల్లు వచ్చింది. మా మరిది చెయ్యి చాపి పట్టాలవైపు చూపించాడు. అలాగే చూపిస్తూ ఉన్నాడు. ముల్లు ఇంకాస్త ముందుకెళ్ళింది. పైన పలకమీద ఏవో అక్షరాలు మారాయి. పక్కనున్న ఒకాయన పెట్టె మీద కూర్చుని తాపీగా రొట్టె విప్పుకున్నాడు.

"ఈయన్ని అడుగుతాను," అన్నాడు మా మరిది. అడిగాడు. ఆయన సైగలతో ఏదో చెప్పాడు. "ఈ రైలు రాదంటున్నారు. ఇంకోటి వస్తుందట." మళ్ళీ అడిగాడు. "రావచ్చట."

పార్టీ ఆఫీసులో ఎవరో దగ్గారు.

రెండోరోజు రోడ్డు దాటే చోటు. ఎర్రబొమ్మ గొప్పదనాన్ని వివరిస్తుండగా వెనకనుంచి ఒకాయన సైకిలు మీద సర్రున దాటేశాడు. "ఆయన పరదేశి అయ్యుంటాడు" అన్నాడు మా మరిది. వెంటనే ఒక ముసలావిడ అటూ ఇటూ చూసి దాటింది. ఆవిడ గురించి ఏమీ అనలేకపోయాడు. మూడోరోజు ఒక వీధి చూపించాడు. పేవ్‌మెంటు మీద ఒక పాత సోఫా, దాని మీద పరుపు, దానికి అంటించిన చీటీ.

"అంటే... ఎవరికైనా కావాలంటే తీసుకెళ్ళొచ్చని అర్థమట" అన్నాడు.

హార్డ్‌వేరు షాపాయన తాళంచెవుల గుత్తి బల్లమీద పెట్టి లేచాడు. "అది మన మార్కెట్ వెనక సందు. ఆ సోఫా నాకు తెలుసు."

సభలో గుసగుసలు మొదలయ్యాయి. నిజమే, నేల మీద చెత్త ఉంది. రైలు రాలేదు. మనుషులు అచ్చం మనుషుల్లాగే ఉన్నారు. ఇది జర్మనీ ఎలా అవుతుంది? మొదటిసారి చూపించాడే, అదీ జర్మనీ. ఈసారి ఎక్కడో దాక్కుని, ఆ దేశాన్నీ ఈ ఊరినీ కలిపి మోసం చేస్తున్నాడు. పెద్దాయన గుండె పట్టుకున్నారు. మేయరు కుర్చీ తుడవడం ఆపించారు.

మర్నాడు మా ఇంటికి నిజనిర్ధారణ సంఘం వచ్చింది. సంఘమంటే హార్డ్‌వేరు షాపాయన, పార్టీ లాయరుగారు. మా ఆయన పేపరు కొంచెం పక్కకి జరిపి వాళ్ళకి దారిచ్చారు.

"మీ మేడమీద గది చూడాలమ్మా," అన్నారు లాయరుగారు. "మీ మరిది అందులో దాక్కున్నాడని మాకు సమాచారం."

"ఆయన జర్మనీలో ఉన్నాడండీ."

"అందరూ అలాగే అంటారు."

తలుపు తీశాను. గది ఖాళీ. మంచం కింద చూశారు. బీరువా తెరిచారు. దుప్పటి దులిపారు. హార్డ్‌వేరు షాపాయన కిటికీ గడియ తిప్పి చూసి, "ఇది మా షాపుదే. గట్టి సరుకు" అన్నాడు.

కిందికి దిగేసరికి గోడ అవతలనుంచి పిన్నిగారు తల పెట్టారు. "ఎవర్ని వెతుకుతున్నారు నాయనా? ఈసారి పైన అడుగుల చప్పుడే లేదు. మనిషే లేనట్టుంది."

లాయరుగారు చప్పున ఆగారు. "చప్పుడు లేదా? అయితే చాలా జాగ్రత్తగా దాక్కున్నాడన్నమాట."

"ఇక్కడ లేడుగా లాయరుగారూ?" అన్నాను.

"చూడమ్మా. ఆయన ఇక్కడ లేకపోవడం, ఆయన జర్మనీలో ఉన్నాడనడానికి రుజువు కాదు. చట్టం అలా ఒప్పుకోదు."

"మరి ఏం రుజువు కావాలి?"

హార్డ్‌వేరు షాపాయన అందుకున్నాడు. "రేపటి పేపర్లో అసలైన జర్మనీ నుంచి వ్యాసం రావాలి. మొదటిసారి రాశాడే, అలాంటిది. రాలేదో, కుర్చీ నాది. పెద్దాయన మాటిచ్చేశారు."

వాళ్ళు వెళ్ళగానే ఫోను చేశాను. మా మరిది గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"వదినా, ఇక్కడ జర్మనీలాంటిది ఏమీ లేదు. ఉన్నదేమో అందరికీ చూపిస్తే నమ్మరు."

"పిచ్చివాడా, వీధిలోకి ఎవరు వెళ్ళమన్నారు? హోటలు గదిలో కూర్చుని, పాత వీడియోలు పెట్టుకుని, చూసింది చెప్పు. నేను రాసేస్తాను."

"నిన్నటినుంచి అదే ప్రయత్నం. నెట్టు రావడం లేదు."

"జర్మనీలోనా?"

"ఈ గదిలో. ఆ గుండ్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. కిటికీ తెరిచినా లాభం లేదు." కిటికీ మూసిన చప్పుడు వినబడింది. "వదినా, నువ్వే ఒకసారి మేడమీదకెళ్ళి జర్మనీ చూసి రాసెయ్యవూ? నీకు పుణ్యముంటుంది. ఇంత దూరం వచ్చి మేయరు కాకుండా ఎలా రాను?"

ఆడబిడ్డలు లేని ఇంట్లో మరిది మాట కాదనలేం. రొట్టె ముక్క మా ఆయన ముందు పెట్టేసి పైకి వెళ్ళాను. కిటికీలు బార్లా తీశాను. కంప్యూటరు పెట్టాను. గుండ్రం తిరగనైనా తిరగలేదు, ఒక్క నొక్కుకే జర్మనీ వచ్చేసింది. వీధులు కడిగిన గచ్చులా ఉన్నాయి. జనం ఎర్రబొమ్మ దగ్గర ఆగారు. నేనూ ఆగాను. రైలు వచ్చింది. ఎర్రసంచీ ఆవిడ కూడా తిరిగొచ్చింది, ఆరోగ్యంగానే ఉంది. అన్నీ రాశాను.

పొద్దున్నే పేపరు చదివి పెద్దాయన పార్టీ ఆఫీసుకి పరుగున వచ్చారట. "ఇదీ, ఇదీ జర్మనీ అంటే" అన్నారట. లాయరుగారు సంతృప్తి వ్యక్తం చేశారట. హార్డ్‌వేరు షాపాయన గుత్తి జేబులో వేసుకున్నాడట. బ్యానరు అప్పటికే సగం ఊరు కట్టేశాడు: మన కొత్త మేయరుకి శుభాకాంక్షలు.

ఈ మాట చెబుదామని ఫోను చేశాను. చాలాసేపటికి ఎత్తాడు. వెనకాల గాలి హోరు, ఎవరో మైకులో ఏదో ప్రకటిస్తున్నారు. మైకు వినబడితే మా మరిది గొంతు మామూలుగా హుషారెక్కుతుంది. ఇవాళ ఎక్కలేదు.

"వ్యాసం పడిందా వదినా?"

"పడింది. ఊరంతా చదివింది. కుర్చీ నీదే."

"హమ్మయ్య. ఏం రాశావు?"

"స్టేషనుకి వెళ్ళావు. ముల్లు అక్కడికి రాగానే రైలు వచ్చి ఆగింది."

అటువైపు మైకు మళ్ళీ ఏదో చెప్పింది. ప్లాట్‌ఫారం మీద జనం ఉసూరుమన్న చప్పుడు వినబడింది.

"ఎక్కానా?" అన్నాడు.

"ఎక్కావు. కిటికీ పక్కన సీటు దొరికింది."